పదకొండు డిగ్రీల తేడా

చిన్నకోడలి తీగ తెగిన రోజున పెద్దకోడలికి మధ్యాహ్నం భోజనం బాగా రుచించేది. చేరిన కొత్తలో వారానికి మూడు నాలుగైనా తెగేవి. "ఆ వెంట్రుకల్లాంటి వాటితో అవస్థ ఎందుకమ్మాయ్? నాలాగా లావు తీగ తీసుకోరాదూ" అని ఓదార్చేది. ఆ ఓదార్పు ఎంత తీయగా ఉండేదో ఓదార్చినావిడకే తెలుసు. పాపం, ఆ తీపి ఎన్నాళ్ళో నిలవలేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి చిన్నకోడలి చేతిలో తీగ తెగడం మానేసింది.

ఇద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే బస్సు, చివరికి ఒకే ఉద్యోగం. ఇస్త్రీ పెట్టెలూ, ఛార్జర్లూ, నీళ్ళు కాచే జగ్గులూ బజారుకు వెళ్ళేముందు పరీక్షకు వచ్చే ల్యాబు అది. ఏ వస్తువు ఎక్కడ ఎంత వేడెక్కుతుందో చూసి షీటు మీద రాయడం వాళ్ళ పని. అందుకు వాడేది థర్మోకపుల్. రెండు రకాల లోహపు తీగలు తీసుకుని, కొసలు కలిపి కరిగిస్తే చిన్న పూస కడుతుంది. ఆ పూసను వస్తువుకి అతికించి, రెండో కొసలు మీటరుకు తగిలిస్తే, పూస దగ్గర ఎంత వేడి ఉందో మీటరు చెబుతుంది. పెద్దకోడలు పద్దెనిమిదేళ్ళుగా ఆ పూసలు కడుతోంది. చిన్నకోడల్ని అక్కడ పెట్టించింది కూడా తనే. రోజంతా ఇంట్లో ఉంటే అత్తగారి మనసు పూర్తిగా అటు వాలిపోతుందని భయపడి, ఖాళీ ఉందని తెలియగానే పట్టుబట్టి తీసుకొచ్చింది. అత్తగారి మనసు ఎలాగూ వాలనే వాలింది. ఇప్పుడు మేనేజరుది కూడా.

సోమవారం పొద్దున బల్ల మీదికి పసిపిల్లలకు ఆవిరి పట్టే యంత్రం ఒకటి వచ్చింది. పిడికిలంత ఉంది. డబ్బా మీద నవ్వుతున్న పాపాయి బొమ్మ. యంత్రం పైన చిటికెనవేలి గోరంత ప్లాస్టిక్ బటన్. పట్టుకున్నవాళ్ళ వేలు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. ఆ బటన్ అరవై డిగ్రీలు దాటకూడదు.

పెద్దకోడలు తన పద్ధతిలో తను చేసింది. గుండుసూదంత లావున్న తీగలకు పూస కట్టి, బటన్ మీద జిగురుతో అతికించి, అరగంట యంత్రాన్ని నడిపి, అంకె కదలడం ఆగాక రాసింది: యాభై నాలుగు. సంతకం పెట్టబోతుంటే మేనేజరు వచ్చాడు. ఎవరు ఏ అంకె చెప్పినా "పాయింట్ ఎంత?" అని అడుగుతాడు కాబట్టి ల్యాబంతా ఆయన్ని చాటుగా దశాంశం అంటారు.

"ఇదే పరీక్ష చిన్నావిడ చేత కూడా చేయించండమ్మా. వచ్చే నెల నుంచి ఆవిడ కూడా షీట్ల మీద సంతకం పెడతారు."

వచ్చే నెల నుంచి! పెద్దకోడలికి ఆ సంతకం హక్కు రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

చిన్నకోడలు భూతద్దం ముందుకు లాక్కుంది. వెంట్రుక కంటే కాస్త లావున్న రెండు తీగల్ని వేళ్ళ మధ్య మెలిపెట్టి, కొసల్ని వెల్డింగు మొనకు తాకించింది. టప్పుమని చిన్న మెరుపు. అంతే, పూస కట్టింది. ఆవగింజలో నాలుగోవంతు కూడా ఉండదు. పెద్దకోడలు చూడనట్టే చూసింది. ఆమె కళ్ళకు మెరుపు కనిపించింది గానీ పూస ఆనలేదు. అది ఇంకా మంట.

అరగంట తర్వాత చిన్నకోడలు మీటరు చూసి తల గోక్కుంది. "అరవై అయిదు పాయింట్ రెండు సార్."

"యాభై నాలుగెక్కడ, అరవై అయిదెక్కడ! యంత్రం ఒకటే, బటన్ ఒకటే. పదకొండు డిగ్రీలు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయి? ఎవరిదో ఒకరిది తప్పు" అన్నాడు మేనేజరు.

"పూస సరిగ్గా కట్టి ఉండదు సార్" అంది పెద్దకోడలు. "అంత సన్నవాటితో లెక్క నిలవదు. తెగుతాయి, మెలి తిరుగుతాయి, నోటికొచ్చినట్టు చూపిస్తాయి. పదేళ్ళలో నా తీగ ఒక్కటి తెగలేదు. నా షీటు ఒక్కటి వెనక్కి రాలేదు."

మేనేజరు చిన్నకోడలి వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

చిన్నకోడలు తీగ కొసను వేలికి చుట్టి విప్పింది. "అక్క చెప్పిందే అయ్యుంటుంది సార్."

మేనేజరు అరవై అయిదు మీద ఎర్ర గీత కొట్టి, పక్కన 'పూస లోపం' అని రాశాడు. సంతకం సంగతి తర్వాత చూద్దామన్నాడు. అంతవరకు పరీక్షల జోలికి వెళ్ళకుండా రిజిస్టరు రాసుకోమన్నాడు. చిన్నకోడలు తన తీగల రీలు సొరుగులో పెట్టి, గుమ్మం పక్కనున్న రిజిస్టరు బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఒక్క మాట అనలేదు. కనీసం మొహం మాడ్చుకోలేదు. గెలిచిన పెద్దకోడలికి గెలిచినట్టే లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక చూడొచ్చు అనుకుంది. అత్తగారి దగ్గర కూర్చుని ఈ పిల్ల ఏడవకపోదు, ఆవిడ తన మీద విరుచుకుపడకపోదు. అప్పుడు తనకూ నోరుంది.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. చీకటి పడేవేళ బకెట్టులో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుంటుంది. పెద్దకోడలు బకెట్టు తెచ్చి పెట్టి, చెయ్యి ముంచి చూసి, "సరిపోయింది అత్తయ్యా, పెట్టండి" అంది.

"నువ్వు చూస్తే కాదులేవే. గోరువెచ్చన అంటావు, నా కాళ్ళు బొబ్బలెక్కుతాయి. చిన్నదాన్ని పిలువు."

చిన్నది వచ్చింది. వేళ్ళ కొసలు అలా తాకించి, "ఇంకో చెంబు చన్నీళ్ళు పోద్దాం అత్తయ్యా" అంది. పోసింది. అత్తగారు కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది."

ఊళ్ళో వాళ్ళందరి వస్తువుల వేడి చూసే చేతికి ఇంట్లో ఒక బకెట్టు నీళ్ళ మీద అధికారం లేదు. పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

"ఏమే, మొహం అలా ఉందేం? పనిలో ఏమైనా అన్నారా?" అత్తగారి గొంతు వినపడింది. పెద్దకోడలు కుళాయి కట్టేసి చెవి ఒగ్గింది.

"ఏం లేదత్తయ్యా. కాస్త తలనొప్పి."

అంతే. ఇంకేం లేదు. పెద్దకోడలు చేతులు తుడుచుకుంది. ఈ పిల్ల కనీసం చాడీలైనా చెప్పదేం? చెబితే ఎంత బాగుండేది! తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది.

మంగళవారం బస్సులో వెళుతుండగా ఆమెకో ఆలోచన వచ్చింది. 'పూస లోపం' అని మేనేజరు రాసింది తన మాట పట్టుకుని. అది నిజంగా లోపమేనని అంకెలతో చూపించేస్తే ఇక తిరుగుండదు. సంతకం మాట ఆయన మళ్ళీ ఎత్తడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళేవరకు ఆగింది. చిన్నకోడలి పనిముట్ల పళ్ళెంలోంచి నిన్నటి సన్న తీగ తీసింది. తన లావు తీగ కూడా తీసి, రెండింటి పూసలూ కలిపి ఐసు నీళ్ళలో లోతుగా దింపింది. తనది సున్నా. చిన్నదానిది సున్నా.

మరుగుతున్న నీళ్ళలో ముంచింది. తనది వంద. చిన్నదానిది వంద.

నూనె కాచి నూట యాభై దగ్గర ఆపి చూసింది. మీటరు మీది రెండు అంకెలూ కవల పిల్లల్లా పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటికి రెండుసార్లు చూసింది. పూసలో ఏ లోపమూ లేదు.

మరి తప్పు ఎక్కడుంది? యంత్రం తెచ్చి, బటన్ మీద రెండు పూసలూ పక్కపక్కనే అతికించి నడిపింది. అన్నం డబ్బా మూత తీయకుండానే అరగంట కూర్చుంది. లావు తీగ యాభై మూడు దగ్గర ఆగింది. సన్న తీగ యాభై ఏడు దగ్గర.

యాభై ఏడేమిటి? నిన్న అరవై అయిదు చూపించిందే! ఇవాళ ఎందుకు దిగింది?

దగ్గరగా వంగి చూస్తుంటే మోచేయి లావు తీగకు తగిలింది. వెచ్చగా ఉంది. వేళ్ళతో పట్టుకుని చూసింది. పూసకు అంగుళం దూరంలో కూడా వెచ్చన. సన్న తీగను పట్టుకుని చూసింది. అది చల్లగా ఉంది. తర్వాత చిన్న పట్టకారుతో తన తీగను బటన్ మీదినుంచి మెల్లగా ఊడదీసింది.

సన్న తీగ అంకె కదిలింది. యాభై ఎనిమిది. అరవై. అరవై రెండు. ఎవరో మెట్లెక్కుతున్నట్టు ఒక్కొక్కటే ఎక్కి అరవై అయిదు దగ్గర నిలబడింది.

పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది. నూనెలో, నీళ్ళలో అయితే తీగ కూడా లోతుగా మునిగి ఉంటుంది, వేడికి పోవడానికి దారుండదు. ఇస్త్రీ పెట్టె అడుగు పలకకు బోలెడంత వేడి ఉంటుంది, లావు తీగ లాగేసేది లెక్కలోకి రాదు. కానీ గోరంత బటన్‌కు ఉన్న వేడే ఇంత. దాని మీద గుండుసూదంత లోహాన్ని పెడితే ఉన్న వేడి కాస్తా తీగ వెంట నడిచి బయటికి పోతుంది. పదేళ్ళుగా తను చిన్న వస్తువుల్ని కొలవడం లేదు, చల్లారుస్తోంది. చల్లార్చి, ఆ చల్లారిన అంకె రాసి, కింద సంతకం పెడుతోంది. బటన్లు, స్విచ్చులు, ఛార్జరు పిన్నులు, పిల్లల గది దీపాలు.

అంకెలు రాసుకోవడానికి కాగితం కోసం చేతికి అందిన సొరుగు లాగింది. అది చిన్నకోడలిది. పైనే ఉన్న చిత్తు పుస్తకంలో ఖాళీ పేజీ వెతుకుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. రెండు గళ్ళు గీసి ఉన్నాయి. ఒకదాని మీద 'అక్క తీగ', రెండోదాని మీద 'నా తీగ'. ఐసు, మరిగే నీళ్ళు, నూనె. అన్నీ సమానం. ఆ కింద, ఏదో ఛార్జరు పిన్ను మీద రెండూ పెట్టి, ఒకటి తీసేసి, నిమిషానికోసారి రాసిన అంకెలు. చివర ఒకే వాక్యం: 'అక్క తీగ వేడి లాగేస్తోంది.'

తారీఖు పందొమ్మిది రోజుల కిందటిది.

ముందు ఆమెకు తప్పు చేశానన్న బాధ కలగలేదు. ఇది కూడానా? ఇందులో కూడా ఇదే ముందా?

సాయంత్రం బస్సు స్టాపులో చిన్నకోడలి సంచిలోకి ఆ పుస్తకం కుక్కి, "పందొమ్మిది రోజులు" అంది.

చిన్నకోడలు పుస్తకాన్ని చూసి ఉలిక్కిపడింది. తర్వాత అడిగింది, "మీరు కూడా చేసి చూశారా అక్కా?"

"చూశాను. నిన్న మేనేజరు ముందు నోట్లో ఏం పెట్టుకున్నావు? అక్క చెప్పిందే అయ్యుంటుందని దణ్ణం పెట్టావేం?"

"షీట్లన్నిటి మీదా మీ సంతకమే ఉంది." చిన్నకోడలు రోడ్డు వైపు చూస్తూ అంది. "మీరే కనిపెడతారనుకున్నాను. రెండుసార్లు నా తీగ మీ బల్ల మీద వదిలేసి వెళ్ళాను. మీరు తీసి చెత్తబుట్టలో వేశారు."

"నా మీద జాలిపడ్డావన్నమాట."

"జాలి కాదు, భయం. నాకో మంచి మాట వస్తే మీరు మూడు రోజులు నాతో మాట్లాడరు. మీ తప్పు చూపించి మెప్పు కొట్టేస్తే, ఇంక ఆ ఇంట్లో మీ పక్కన కూర్చుని అన్నం తినగలనా?"

బస్సు వచ్చింది. ఇద్దరికీ చెరోచోట సీటు దొరికింది. పెద్దకోడలు ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుంది. తన కుళ్ళు ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. ఈ పిల్లకు మొదటినుంచీ తెలుసు. తెలిసి, నడవలో విరిగిన పలక చుట్టూ తిరిగి వెళ్ళినట్టు, రోజూ దాన్ని తప్పించుకుంటూ నడుస్తోంది. తిట్టినా ఇంత అవమానంగా ఉండేది కాదు.

బుధవారం పొద్దున్నే మేనేజర్ని తన బల్ల దగ్గరికి పిలిచింది. "రెండు నిమిషాలు చూడండి సార్" అని రెండు తీగలూ అతికించిన యంత్రం ముందు నిలబెట్టింది. అంకెలు చూపించింది. పట్టకారుతో తన తీగ ఊడదీసింది. రెండో అంకె అరవై అయిదుకు ఎక్కేదాకా ఇద్దరూ మీటరునే చూశారు.

"సోమవారం నేను రాసింది తప్పు. పదేళ్ళుగా చిన్న వస్తువులన్నిటికీ ఇలాగే తక్కువ రాశాను. ఆ పాపాయి బొమ్మ యంత్రం పంపించకండి."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాయింట్ ఎంతని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, అదే పరీక్ష తన చేత్తో ఇంకోసారి చేశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం కంటే గౌరవమే ఎక్కువ కనిపించింది. అదే ఆమెను కంగారుపెట్టింది.

"ఒక తీగ తీసేసి రెండోదాన్ని చూడాలని... ఎలా తట్టిందమ్మా మీకు?"

గుమ్మం దగ్గర రిజిస్టరు మీద కలం ఆగింది. చిన్నకోడలు తలెత్తలేదు. ఎత్తదు కూడా. ఊరుకుంటే చాలు, ఆ మెప్పు తనదే. అబద్ధమూ కాదు. నిన్న తనకు తట్టింది తన బుర్రతోనే, ఎవరూ చెప్పలేదు. సంతకం పోయినా ఇదొక్కటి మిగులుతుంది. పెద్దకోడలు పట్టకారు కిందపెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"నాకు నిన్న తట్టింది సార్. ఆ అమ్మాయికి పందొమ్మిది రోజుల ముందే తట్టింది. పుస్తకంలో రాసి ఉంది, చూడండి." అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. "అప్పుడే చెప్పి ఉంటే ఈ పందొమ్మిది రోజుల్లో వెళ్ళిన ఏడు షీట్లూ ఆగేవి."

చిన్నకోడలు లేచి నిలబడింది.

మేనేజరు పుస్తకం తెప్పించుకుని రెండు పేజీలూ చదివాడు. పెద్దకోడలితో, "మీరు తెలియక చేశారు" అన్నాడు. చిన్నకోడలితో, "మీరు తెలిసి ఊరుకున్నారు" అన్నాడు. "రెండింట్లో ఏది పెద్దదో నాకే తెలియడం లేదు. ఇద్దరూ సంతకాలు మర్చిపోండి. చిన్న భాగాలున్న నమూనాలన్నీ గోదాములోంచి బయటికి తీయండి. మొత్తం మళ్ళీ చేయాలి."

నలభై మూడు నమూనాలు లెక్కకు వచ్చాయి.

ఇంట్లో రెండు రోజులు చిన్నకోడలు పెదవి విప్పలేదు. అత్తగారు ఇద్దరి మొహాలూ చూసి, "ఏమిటే, ఇద్దరూ మూతులు కుట్టుకున్నారా?" అని అడిగి, జవాబు రాక తనే విసుక్కుంది. శుక్రవారం ల్యాబులో అట్టపెట్టెల మధ్య మొదటి నమూనా విప్పుతుండగా ఆ మౌనం తెగింది.

"మీ కోసం మూడు వారాలు నోరు మూసుకున్నాను. మీరు మాత్రం రెండు నిమిషాల్లో నన్ను మేనేజరు ముందు నిలబెట్టారు!"

"ఎవరు మూసుకోమన్నారు?"

"మంచికి పోయాను కదా, నాకు బుద్ధి లేదు!"

"లేదు. నాకు కోపం వస్తుందని చంటిపిల్లల వేళ్ళు కాలనిస్తావా? నా కోపం ఏపాటిదనుకున్నావు?"

"మీ కోపం మీకేం తెలుసు? పక్కన కూర్చుని తినేది నేను! నేను పూస కడుతుంటే మీ చూపు వీపు మీద గుచ్చుకుంటుంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బాగుందన్నారా?"

అంత గొంతు ఆ పిల్లకు ఉందని పెద్దకోడలికి తెలియదు. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూస్తున్నారు. వింతేమిటంటే, అలా ఎదురుగా నిలబడి కేకలేస్తున్న మనిషిని చూస్తున్నంతసేపూ ఆమెకు కుళ్ళు అనిపించలేదు. ఊపిరాడింది.

"బాగుందని తెలుసు కనకే అనలేదు" అంది.

చిన్నకోడలు గిరుక్కున బల్ల వైపు తిరిగింది. సొరుగు లాగి సన్న తీగల రీలు తీసి బల్ల మీద ఠపీమని పెట్టింది. "మీ నమూనాలకు మీరే కట్టుకోండి. నేను కట్టి పెట్టను."

పెద్దకోడలు భూతద్దం ముందు కూర్చుంది. మొదటి తీగ మెలిపెడుతుండగానే తెగింది. రెండోది మెరుపులో మాడింది. మూడోది కట్టినట్టే కట్టి, జిగురు పూస్తుంటే ఊడింది. చిన్నకోడలు చేతులు కట్టుకుని చూస్తోంది గానీ నవ్వలేదు.

"అంత గట్టిగా పట్టుకుంటే తెగుతుంది" అంది చివరికి, ఇంకా కోపంగానే. "తీగను పట్టుకోకండి, దాన్నే మీ వేలి మీద పడుకోనివ్వండి."

నాలుగోది నిలిచింది. వంకరగా, ఒక పక్క బొడిపెతో.

"వంకర పోయింది" అంది చిన్నకోడలు.

"పట్టుకుందా లేదా?"

చిన్నకోడలు భూతద్దంలోంచి చూసింది. "పట్టుకుంది."

నమూనా పిల్లల గదిలో పెట్టుకునే దీపం. నాలుగేళ్ళ కిందటి షీటు మీద స్విచ్చు దగ్గర నలభై తొమ్మిది అని పెద్దకోడలి చేతిరాత, కింద సంతకం. పూస అతికించి దీపం వేశారు. ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చున్నారు. అంకె మెల్లగా ఎక్కింది. నలభై తొమ్మిది వచ్చింది, ఆగకుండా దాటింది. యాభై మూడు. యాభై ఏడు. అరవై ఒకటి దగ్గర నిలబడింది. దానికీ హద్దు అరవయ్యే.

"నేను రాస్తాను ఇవ్వండి" అంది చిన్నకోడలు, కాస్త మెత్తబడి.

"వద్దు. అది నేను రాసిన షీటు." పెద్దకోడలు పాత అంకె మీద ఒక గీత కొట్టి, పక్కన కొత్తది వేసి, దాటింది అని రాసింది. ఆమె రాస్తుండగా చిన్నకోడలు రెండో దీపానికి ఒకే ఒక్క మెరుపుతో పూస కట్టి భూతద్దం కింద పెట్టింది. పెద్దకోడలు వంగి చూసింది. వేలెత్తి చూపడానికి ఎక్కడా వంక లేదు. మళ్ళీ అదే కుళ్ళు, ఎప్పట్లాగే.

"బాగుంది" అంది పళ్ళు బిగించి. "ఆ నలభై ఒకటీ ఇలా తోయి."